ఎలా ఉంటావు, ఎలా ఉన్నావు, నీకెలా ఉంది: స్పానిష్‌కి తెలుగు దారి

పోయిన సెమ్‌లో ఒకే ఫోన్ కాల్‌లో స్పానిష్‌లో రెండు తప్పులు చేశాను. రెండూ ఒక ముసలావిడ ఆరోగ్యం గురించి అడగబోయి చేసినవే. వ్యాకరణం తప్పితే మార్కులు పోతాయని మనకి తెలుసు. ఎదుటి మనిషి మనసు కూడా నొచ్చుకోగలదని నాకు ఆ రోజే తెలిసింది. మన మ్యాగజైన్‌కి ఈ పాఠం రాయడానికి కారణం అదే.

అప్పటికి నేను స్పానిష్ మొదలుపెట్టి ఆరు నెలలు. ఆన్‌లైన్‌లో భాషలు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఒకటుంటే, అందులో కొలంబియా రాజధాని బొగొతా నుంచి ఒక అమ్మాయి పరిచయమైంది. తను కూడా ఇంజనీరింగే. నేను తనకి ఇంగ్లీషు, తను నాకు స్పానిష్. ప్రతి శనివారం మనకి రాత్రి ఏడున్నర, వాళ్ళకి ఉదయం తొమ్మిది. ఇక్కడ నేను మెస్‌లో టిఫిన్ తినొచ్చేసరికి అక్కడ తను కాఫీ కప్పు పట్టుకుని కూర్చునేది.

ఆ శనివారం తను కాఫీ లేకుండా వచ్చింది. వాళ్ళ 'అబ్వేలా'ని ఆస్పత్రిలో చేర్చారట. స్పానిష్‌లో అమ్మమ్మ అన్నా నాయనమ్మ అన్నా అబ్వేలానే. అడిగితే, వాళ్ళ అమ్మకి అమ్మ అని చెప్పింది. ఇప్పుడు ఎలా ఉందో కనుక్కుందామని, నాకున్న స్పానిష్ అంతా కూడగట్టుకుని అడిగాను:

"కోమో ఎస్ తు అబ్వేలా?"

తను ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ పొట్టిగా ఉంటుందట. మహా మొండిదట. బొగొతాలో వేడి చాక్లెట్‌లో చీజ్ ముక్కలు వేసుకుని తాగే అలవాటుంది, ఆవిడకి అది లేనిదే తెల్లారదట. చెబుతూ చెబుతూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. నాకేమో సగమే అర్థమవుతోంది. ఆస్పత్రి సంగతి అడిగితే చాక్లెట్ సంగతి ఎందుకు చెబుతోందా అని చూస్తున్నాను.

అంతా అయ్యాక తనే చెప్పింది: "నువ్వు 'కోమో ఎస్తా' అని అడగాలనుకున్నావు కదూ?"

అప్పుడు సరిదిద్దుకుని అడిగాను, "కోమో ఎస్తా?" అని. తను "రెగులార్" అంది. రెగ్యులర్ అంటే మామూలేగా, హమ్మయ్య అనుకుని, "మూయ్ బియెన్!" అనేశాను. చాలా మంచిది అని! స్పానిష్‌లో ఎలా ఉన్నారన్న ప్రశ్నకి రెగులార్ అని జవాబిస్తే, ఏమంత బాగాలేదు అని అర్థం. అంటే, అమ్మమ్మకి అంత బాగాలేదురా అని ఒక మనిషి చెబితే, భలే భలే అని చప్పట్లు కొట్టానన్నమాట.

కాల్ అయ్యాక చాలాసేపు ఆ రెండు తప్పులే బుర్రలో తిరిగాయి. అప్పుడు తట్టిన విషయం ఒకటుంది: నేను స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటున్నాను. తెలుగు మీదుగా నేర్చుకుని ఉంటే మొదటి తప్పు అసలు జరిగేదే కాదు.

రెండు క్రియలు, మనకి కొత్త కావు

ఇంగ్లీషులో 'ఈజ్' ఒక్కటే. స్పానిష్‌లో ఆ పనికి రెండు క్రియలున్నాయి: సేర్, ఎస్తార్. 'నేను' తో వాడితే సోయ్, ఎస్తోయ్. 'నువ్వు' తో ఎరెస్, ఎస్తాస్. 'అతను, ఆమె, అది' తో ఎస్, ఎస్తా. ఏది ఎప్పుడు వాడాలో చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు, వీడియోలు అన్నీ ఒకటే సూత్రం చెబుతాయి: శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్. ఈ సూత్రం కొంతదూరం వరకే పనిచేస్తుంది. చనిపోయాడు అనడానికి స్పానిష్‌లో 'ఎస్తా ముయెర్తో' అంటారు, ఎస్తార్‌తోనే. చావు తాత్కాలికమా?

ఇప్పుడు తెలుగులోంచి చూడండి.

"మీ అన్న ఎలా ఉంటాడు?" అని అడిగితే మీరేం చెబుతారు? పొడుగ్గా ఉంటాడు, సరదాగా ఉంటాడు, కాస్త కోపం ఎక్కువ.

"మీ అన్న ఎలా ఉన్నాడు?" అని అడిగితే? బాగున్నాడు, మొన్న జ్వరం వచ్చి తగ్గింది, కొత్త ఉద్యోగంలో చేరాడు.

మొదటిది "కోమో ఎస్ తు ఎర్మానో?" రెండోది "కోమో ఎస్తా తు ఎర్మానో?" అంతే. ఉంటాడు అంటే సేర్, ఉన్నాడు అంటే ఎస్తార్. మూడో తరగతి పిల్లాడు కూడా తెలుగులో ఈ రెండూ కలిపెయ్యడు. నేను అక్కడ "మీ అమ్మమ్మ ఎలా ఉంది" అనబోయి "ఎలా ఉంటుంది" అన్నాను. ఆ అమ్మాయి నా ప్రశ్నకి సరైన జవాబే ఇచ్చింది.

ఇది ఒక్క వాక్యానికి పట్టిన అదృష్టం కాదు. ఇంకాస్త ముందుకి వెళ్ళి చూడండి:

సోయ్ ఎస్తుదియాంతే: నేను స్టూడెంట్‌ని. తెలుగులో ఇక్కడ 'ఉన్నాను' రాదు. స్పానిష్‌లో ఎస్తోయ్ రాదు.

ఎస్తోయ్ ఎన్ కాసా: ఇంట్లో ఉన్నాను. ఇక్కడ ఉన్నాను ఉంది, ఎస్తోయ్ ఉంది.

ఎస్తోయ్ కొమియెందో: తింటున్నాను. విడదీస్తే 'తింటూ ఉన్నాను'. ఎస్తోయ్ ఉంది.

లా ప్వేర్తా ఎస్తా సెర్రాదా: తలుపు వేసి ఉంది.

ఎస్తా సెంతాదో: కూర్చుని ఉన్నాడు.

ఎస్తా ముయెర్తో: చనిపోయి ఉన్నాడు. ఇంగ్లీషు సూత్రం బోల్తా కొట్టిన చోట తెలుగు నిలబడింది చూశారా. ఒక పని జరిగిపోయాక మిగిలిన స్థితి అది. మనం '-ఇ ఉంది' అంటాం, వాళ్ళు ఎస్తార్ అంటారు.

ఇంకొకటి. "మీ ఇల్లు ఎక్కడ ఉంది?" అంటే "దోందే ఎస్తా తు కాసా?" కానీ పెళ్ళి గురించైతే మనం "పెళ్ళి ఎక్కడ?" అంటాం. 'పెళ్ళి ఎక్కడ ఉంది' అంటే వినడానికి తేడాగా ఉంటుంది. స్పానిష్ కూడా అక్కడ ఎస్తార్ వదిలేసి "దోందే ఎస్ లా బోదా?" అంటుంది. వస్తువు ఉంటుంది, వేడుక జరుగుతుంది. రెండు భాషలూ ఆ తేడా పట్టించుకున్నాయి.

ఎస్తార్ అనే మాట లాటిన్‌లో 'నిలబడు' అనే అర్థమున్న 'స్తారే' నుంచి వచ్చింది. మన 'ఉండు' కి కూడా ఆగు, నిలువు అనే అర్థం ఉందిగా. "ఉండు, వస్తున్నా" అంటాం. ఈ రెండు భాషలకీ చుట్టరికం లేదు. దారులు వేరైనా ఆలోచన ఒక చోట కలిసింది.

గుణాలు చెప్పేటప్పుడు ఈ తేడాతో జాగ్రత్తగా ఉండాలి. 'ఎస్ నెర్వియోసో' అంటే కంగారు మనిషి, 'ఎస్తా నెర్వియోసో' అంటే ఇప్పుడు కంగారుగా ఉన్నాడు. క్లాసులో బోరు కొడుతుంటే 'ఎస్తోయ్ అబుర్రీదో' అనాలి. 'సోయ్ అబుర్రీదో' అన్నారో, నేనే పెద్ద బోరుని అని ఒప్పుకున్నట్టు.

'నాకు' వాక్యాలు

ఎలా ఉన్నావని అడిగితే జవాబు కూడా చెప్పాలి కదా. ఇక్కడ కూడా ఇంగ్లీషు అడ్డం పడుతుంది. ఇంగ్లీషువాడు 'నేను ఆకలిగా ఉన్నాను' అన్నట్టు మాట్లాడతాడు. మనకి ఆకలి మనం కాదు, మనకి వేసేది. స్పానిష్ వాళ్ళకి కూడా అంతే. వాళ్ళు 'తేంగో' అంటారు, అంటే 'నాకు ఉంది'.

తేంగో అంబ్రే: నాకు ఆకలిగా ఉంది.
తేంగో సేద్: నాకు దాహంగా ఉంది.
తేంగో ఫియేబ్రే: నాకు జ్వరంగా ఉంది.
తేంగో మియేదో: నాకు భయంగా ఉంది.
తేంగో స్వేన్యో: నాకు నిద్రొస్తోంది.

చివరికి వయసు కూడా. తేంగో వేయింతే ఆన్యోస్ అంటే నాకు ఇరవయ్యేళ్ళు. ఉక్కపోస్తోంది అనడానికి తేంగో కాలోర్ అనాలి. ఇంగ్లీషు నుంచి అనువదించి 'ఎస్తోయ్ కాలియెంతే' అనకండి, దాని అర్థం వేరు, మీ పరువు దక్కదు.

నొప్పుల దగ్గర పోలిక ఇంకా బాగుంటుంది. తలనొప్పిగా ఉంటే "మే ద్వేలే లా కబేసా". మే అంటే నాకు, ద్వేలే అంటే నొప్పి పెడుతోంది, కబేసా అంటే తల. "నాకు తల నొప్పి పెడుతోంది". ఇంగ్లీషులో 'నా తల' అనాలి. మనం 'నాకు' అని ఒకసారి అన్నాక మళ్ళీ 'నా తల' అనం, ఎవరి తలో తెలుస్తూనే ఉంటుంది. స్పానిష్ వాళ్ళూ అనరు. కళ్ళు నొప్పెడితే "మే ద్వేలెన్ లోస్ ఓహోస్". చివర 'న్' చేరింది చూడండి. నొప్పి పెడుతున్నవి రెండు కళ్ళు కాబట్టి క్రియ బహువచనం అయింది. మనం కూడా "నాకు కళ్ళు నొప్పెడుతున్నాయి" అంటాం, 'నొప్పెడుతోంది' అనం.

స్పానిష్ నేర్చుకునే ఇంగ్లీషువాళ్ళని నెలల తరబడి తికమకపెట్టే 'మే గుస్తా' కూడా ఈ కోవలోదే. "నాకు నచ్చుతుంది." ఒక పుస్తకమైతే మే గుస్తా, పుస్తకాలైతే మే గుస్తాన్. నచ్చుతుంది, నచ్చుతాయి. మనకి ఇందులో నేర్చుకోవాల్సింది మాటలే, పద్ధతి మన ఇంట్లోదే.

అయితే తెలుగు దారి అంతా తారురోడ్డు కాదు, గుంతలున్నాయి. మనం "నాకు బాధగా ఉంది" అంటాం కదా అని అక్కడ కూడా మే, తేంగో వెతకొద్దు. అక్కడ 'నేను' రావాలి: ఎస్తోయ్ త్రీస్తే. సంతోషం, అలసట కూడా అలాగే, పైగా వాటికి లింగం ఉంటుంది. మగవాళ్ళు ఎస్తోయ్ కన్సాదో, ఆడవాళ్ళు ఎస్తోయ్ కన్సాదా. మనకి 'నేను అలసిపోయాను' లో ఆ తేడా లేదు. తను "ఎస్తోయ్ కన్సాదా" అంటే నేను కూడా వల్లెవేసినట్టు "కన్సాదా" అన్నాను. ఆ రోజంతా నన్ను అమ్మాయిని చేసి పిలిచింది. సిగ్గేసిందని చెప్పడానికి ఇంగ్లీషు 'ఎంబరాస్డ్' ని సాగదీసి 'ఎంబరసాదా' అనకపోవడం నా అదృష్టం. దానికి గర్భవతి అని అర్థం. సిగ్గుకి సరైన మాట 'తేంగో వెర్గ్వేన్సా'.

ఎవరిని ఎలా అడగాలి

నువ్వు, మీరు తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఫ్రెండ్‌ని "కోమో ఎస్తాస్?" అంటారు, ప్రొఫెసర్‌ని "కోమో ఎస్తా ఉస్తెద్?" అంటారు. ఇక్కడ ఒక చిక్కు: ఉస్తెద్ కి వచ్చే క్రియ 'ఆమె, అతను' కి వచ్చేదే. ఎదురుగా ఉన్న మనిషిని పట్టుకుని ఎవరి గురించో అడిగినట్టు ఉంటుంది. ఎందుకంటే ఉస్తెద్ అనేది పూర్వం 'వ్వేస్త్రా మెర్సేద్', అంటే 'తమ దయ' అన్నలాంటి మాట, అది అరిగి అరిగి ఇలా అయింది. మన పల్లెల్లో ఎదురుగా ఉన్నాయననే "అయ్యగారు భోంచేశారా?" అని అడుగుతారు చూడండి, ఆ మర్యాదే ఇదీ.

ఎక్కడివాళ్ళన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఎక్కువమందిని అడిగేటప్పుడు స్పెయిన్‌లో స్నేహితులని "కోమో ఎస్తాయిస్?" అంటారు, లాటిన్ అమెరికాలో ఎవరినైనా "కోమో ఎస్తాన్?" అనే అంటారు. బొగొతాలోనైతే ఉస్తెద్ పరాయివాళ్ళకే కాదు, ఇంట్లోవాళ్ళకి కూడా వాడతారు. ఒకసారి కాల్ మధ్యలో ఆ అమ్మాయిని వాళ్ళమ్మ ఉస్తెద్ అని పిలిస్తే కోప్పడిందేమో అనుకున్నాను. కాదు, ప్రేమగానే అందట.

రోజువారీ పలకరింపులు కొన్ని, పక్కన మన మాటతో:

కే తాల్? ఏంటి సంగతులు?
కోమో తే వా? ఎలా పోతోంది?
కోమో అందాస్? ఎలా నడుస్తోంది? అందార్ అంటే నిజంగానే నడవడం.
కోమో అమనెసీస్తే? లాటిన్ అమెరికాలో చాలాచోట్ల పొద్దున్నే అడుగుతారు. అమనెసేర్ అంటే తెల్లవారడం. నీకెలా తెల్లారింది అని.
కోమో సీగెస్? జబ్బుపడ్డవాళ్ళని, కష్టంలో ఉన్నవాళ్ళని అడిగేది. సెగీర్ అంటే సాగడం, కొనసాగడం.

ఈ చివరిది గుర్తుపెట్టుకోండి. ఇది అడగాలంటే, ఆ మనిషికి బాగాలేదని మీకు ముందే తెలిసి ఉండాలి, అది మర్చిపోకుండా ఉండాలి.

జవాబుల్లో బియెన్, మూయ్ బియెన్ అందరికీ తెలుసు. మాస్ ఒ మేనోస్ అంటే అక్షరాలా 'ఎక్కువో తక్కువో', మన 'ఏదోలే' లాంటిది. స్పెయిన్‌లో 'తిరాందో' అంటారు, లాక్కొస్తున్నాం అని. మన పెద్దవాళ్ళ "ఏదో బండి లాగుతున్నాం" గుర్తురాలేదూ? ఇక రెగులార్ సంగతి మీకు తెలుసు. ఆ మాట వినపడితే మాత్రం మూయ్ బియెన్ అనకండి. "కే తే పాసా?" అనండి, నీకేమైంది అని. అది కూడా మెత్తగా. గట్టిగా అంటే తెలుగులోలాగే స్పానిష్‌లో కూడా అది తిట్టు అవుతుంది.

మూడో ప్రశ్న

ఇంకొక ప్రశ్న మిగిలింది: "కోమో తే సియెంతెస్?" లోపల నీకెలా అనిపిస్తోంది అని. దీనికి తెలుగు ఏమిటా అని ఆలోచించాను. 'ఎలా ఫీలవుతున్నావు' అనేది ఇంగ్లీషు. చివరికి మా ఊళ్ళో జ్వరంతో పడుకున్నవాళ్ళ మంచం పక్కన కూర్చుని పెద్దవాళ్ళు అడిగేది గుర్తొచ్చింది. "ఇప్పుడు నీకెలా ఉందమ్మా?"

ఎలా ఉంటావు అనేది స్వభావాన్ని అడుగుతుంది. ఎలా ఉన్నావు అనేది పరిస్థితిని అడుగుతుంది. నీకెలా ఉంది అనేది లోపలిదాన్ని అడుగుతుంది. మన దగ్గర మూడూ ఉన్నాయి. కానీ హాస్టల్లో మనం వాడేది ఈ మూడూ కాదు. "ఏరా, బానే ఉన్నావుగా?" అంటాం. అందులో జవాబు మనమే పెట్టేశాం. అవతలివాడు చెయ్యాల్సిందల్లా "ఆ" అనడమే.

మా రూమ్మేట్‌కి పోయిన సెమ్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. రెండు వారాలు సరిగ్గా మెస్‌కి రాలేదు. నేను రోజూ అడుగుతూనే ఉన్నాను, బానే ఉన్నావుగా అని. వాడు రోజూ ఆ అంటూనే ఉన్నాడు. పలకరించాను కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను. రెగులార్ కి మూయ్ బియెన్ అన్న రాత్రి, లైటార్పాక, ప్రశ్న మార్చి అడిగాను. "ఇప్పుడు నీకెలా ఉందిరా?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను. తర్వాత చెప్పాడు, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదని, ఇంట్లో ఇంకా చెప్పలేదని, ఎలా చెప్పాలో తెలియట్లేదని. మర్నాడు ఇద్దరం కలిసి వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేశాం. ఆయన కాసేపు తిట్టి, చివర్లో "తిన్నావా?" అన్నారు. వాడు ఆ రోజు మెస్‌కి వచ్చాడు. సబ్జెక్టులు ఇంకా మిగిలే ఉన్నాయి, సప్లీలకి చదువుతున్నాడు.

తర్వాతి శనివారం కాల్ కలవగానే నేనే ముందు అడిగాను. "కోమో సీగె తు అబ్వేలా?" ఈసారి క్రియ సరిగ్గానే పడింది. తను "మెహోర్" అంది. కాస్త నయం అని. ఇంటికి తీసుకొచ్చారట. ఇంకా సరిగ్గా నడవలేకపోతోంది, కానీ చాక్లెట్‌లో చీజ్ తక్కువైందని మాత్రం గొడవ చేస్తోందట.

"నువ్వు ఆ రోజు తప్పు ప్రశ్న అడిగావు కదా," అంది తను. "అందరూ ఎస్తా అని అడుగుతుంటే చెప్పి చెప్పి విసుగొచ్చింది. తను ఎలాంటి మనిషని అడిగింది నువ్వొక్కడివే."

అలాగని ఆ తప్పు మీరు కూడా చెయ్యమని చెప్పను. తెలిసి అడగండి. దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష అయిన స్పానిష్‌లో ఈ ప్రశ్నలన్నీ వేరువేరుగా ఉన్నాయి. మన భాషలోనూ ఉన్నాయి.

ఈ వారం హోంవర్క్ రెండు పనులు. ఒకటి: సేర్, ఎస్తార్‌లతో చెరో ఐదు వాక్యాలు రాయండి, ముందు తెలుగులో, తర్వాత స్పానిష్‌లో. రెండోది: మీ రూమ్‌లో ఒకరిని 'బానే ఉన్నావుగా' అనకుండా పలకరించండి. జవాబు వచ్చేదాకా ఫోన్ పక్కన పెట్టండి.

ఆస్తా ల్వేగో. మళ్ళీ కలుద్దాం.